ఏడో గడి

నా చిన్నప్పుడు మా ఊరి చెడుగుడు జట్టులో ఎవరు గొప్ప ఆటగాడో తేల్చే పుస్తకం నా చేతిలో ఉండేది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. లెక్కల్లో మా బళ్ళో నన్ను మించినవాళ్ళు లేరని నాకు బాగా తెలుసు, తెలియనివాళ్ళకి నేనే చెప్పేదాన్ని. అందుకే మా డ్రిల్లు మేష్టారు రూళ్ళు గీసిన ఆ పొడుగు పుస్తకం నాకిచ్చి, ఆటకి ఒక పేజీ చొప్పున రాయమన్నారు. ఆ రోజు నుంచి నా నడకే మారిపోయిందని మా అమ్మ నవ్వేది.

ఆ జట్టుని తయారు చేసింది మేష్టారే. సెలవొస్తే చాలు, సైకిలేసుకుని గురజాల వైపో మాచర్ల వైపో బయలుదేరేవారు. కుర్రాళ్ళ ఆట చూసి ఎంచడం ఆయన పద్ధతి కాదు. నాపరాయి క్వారీల దగ్గర నిలబడి, ఇద్దరు కలిసి బండ ఎత్తేటప్పుడు ఎవడు పక్కవాడి పట్టు కుదిరేదాకా ఆగుతున్నాడో చూసేవారు. మిరప బస్తాలు లారీకెక్కించేచోట ఎవడు ఆయాసపడకుండా మాట్లాడుతున్నాడో చూసేవారు. అట్లాంటివాణ్ణి పిలిచి, ఆడతావా అని అడిగేవారు. ఒప్పుకున్నవాణ్ణి వాన పడి ఆరీ ఆరని నల్లరేగడి చేలో పరిగెత్తించేవారు. అడుగడుక్కీ కాళ్ళకి మన్ను ముద్దలుగా అంటుకుని, నాలుగు చుట్లు తిరిగేసరికి ఎంత మొనగాడైనా చతికిలపడేవాడు. అదే మనిషి రెండు నెలల తరవాత ఎర్రమట్టి బరిలోకి దిగితే ఆ కాళ్ళని పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా జట్టుతో ఆటంటే ముందే మొహాలు వేలాడేసుకునేవాళ్ళు.

పుస్తకం సంగతి చెప్పాలి. పేర్లు రాస్తే పేజీ చాలదని మేష్టారు ఒక్కొక్కరికి ఒక గడి, ఆ గడికి ఒక అంకె ఇచ్చారు. మా అన్నయ్యది ఏడో గడి. పేజీ పైన ఆ రోజు ఏయే గడులవాళ్ళు బరిలో దిగారో రాయాలి. అడుగున రెండు జట్లకీ వచ్చిన పాయింట్లు. మధ్యలో, ఎవరు కూతకు వెళ్ళి ఎదుటివాణ్ణి అవుట్ చేసి వస్తే వాళ్ళ గడిలో ఒక గీత, కూతకొచ్చినవాణ్ణి ఎవరు పట్టుకుంటే వాళ్ళ గడిలో ఒక గీత.

కూతకు వెళ్ళినవాడు ఒక్కడే గనక అది రాయడం తేలిక. పట్టు దగ్గరే చిక్కు. కూతకొచ్చినవాడి మీద ఒక్కసారిగా నలుగురైదుగురు పడతారు. దుమ్ము లేస్తుంది. చేతులూ కాళ్ళూ కలిసిపోతాయి. ముక్కాలిపీట మీద కూర్చున్న నాకు వీపులు తప్ప ఏమీ కనపడేవి కావు. తెలివిగలదాన్ని కదా, దానికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. పట్టు పడగానే చుట్టూ ఉన్న జనం ఎవరి పేరు అరిస్తే వాళ్ళ గడిలో గీత పెట్టేదాన్ని. అంతమంది కళ్ళు చూసింది తప్పెందుకవుతుంది అనుకున్నాను. ఈ సంగతి మేష్టారికి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మా అన్నయ్య పేరు ఎవరూ అరిచేవాళ్ళు కాదు. పందొమ్మిదేళ్ళవాడు, పొడగరి, మాట తక్కువ. బరిలో ఎడమ మూలన నిలబడి, పక్కవాడి మణికట్టు పట్టుకుని ఆట అయ్యేదాకా అక్కడే ఉండేవాడు. కూతకు వెళ్ళేవాడు కాదు. కుమ్ములాటలో అందరికన్నా కింద ఉండి, అందరూ లేచాక లేచేవాడు. నెలల తరబడి ఏడో గడిలో గీతలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. కావాలంటే నాలుగు ఎక్కువ పెట్టొచ్చు, అడిగేవాళ్ళు లేరు. నేను పెట్టలేదు. సొంత అన్నకి కూడా ఒక్క గీత ఊరికే పెట్టనని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు నరసరావుపేటలో పెద్ద పోటీలు జరుగుతాయన్నారు. ఒక సర్కారు శాఖ జట్టుకి మనుషుల్ని ఎంచడానికి పై నుంచి ఆఫీసరు వస్తాడని, ఎంచినవాళ్ళకి ఉద్యోగమని కబురు. మా ఇంట్లో ఆ కబురుకి ఉన్న బరువు వేరు. మా నాన్నది క్వారీ పని. అప్పటికే ఆయన దగ్గు వీధి మలుపు దాకా వినపడేది. కొడుకు ఆ దుమ్ములోకి దిగకూడదని మా అమ్మ మొక్కని దేవుడు లేడు. దారి అదొక్కటే, ఆ దారి జట్టులోంచే పోవాలి.

మేష్టారు బడి వరండాలో కూర్చుని పుస్తకం మొత్తం తిరగేశారు. అప్పటికి కొన్నాళ్ళ ముందే గురజాల వైపు నుంచి ఒక కొత్త కుర్రాడు జట్టులోకి వచ్చాడు. చురుకైనవాడు, దూకుడు మనిషి, వాడు ముట్టుకుంటే చాలు జనం పేరెత్తి అరిచేవాళ్ళు. వాడిది పదో గడి, నిండా గీతలు. ఏడో గడి దాదాపు ఖాళీ. మేష్టారు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, చివరికి మా అన్నయ్య పేరు కొట్టేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది. ఆ గీతలు నేను చూసి పెట్టినవి కావు మేష్టారూ, విని పెట్టినవి అని. అంటే పుస్తకం నా దగ్గరినుంచి తీసేసుకుంటారేమోనని భయపడ్డాను. అది చెప్పుకోవడానికి ఈ వయసులో కూడా నాకు సిగ్గుగా ఉంది.

జట్టు పేటకి వెళ్ళిన మూడో రోజుకే తిరిగొచ్చింది. రెండో ఆటలోనే ఓడిపోయారు. ఎడమ మూల నుంచి ఎదుటివాళ్ళు నీళ్ళలా జారిపోయారని, పట్టు పట్టినట్టే పట్టి వదిలేశారని చెప్పుకున్నారు. అయినా మా వాళ్ళలో ఇద్దరిని ఆఫీసరు ఎంచాడు. మా అన్నయ్య వెళ్ళుంటే ఎంచేవాడా అంటే నాకు తెలియదు. ఆ ఆఫీసరు కూడా అరుపులే వినేవాడేమో. ఆ తెలియకపోవడమే ఇన్నేళ్ళూ నన్ను తిన్నది. వాళ్ళు తిరిగొచ్చిన సోమవారమే అన్నయ్య నాన్న వెంట క్వారీకి వెళ్ళాడు. అమ్మ వాడికి క్యారేజీ కట్టి ఇచ్చి, లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

తరవాతి ఆదివారం మేష్టారు నన్ను బడికి పిలిపించారు. ఎదురుగా పుస్తకం ఉంది. ఒక పేజీ చూపించి, ఈ పట్టు ఎవరిదో నీకు ఎట్లా తెలిసిందని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఏడిపించింది. ఉన్నదంతా చెప్పేశాను. కొడతారనుకున్నాను. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"నువ్వు పిల్లదానివే అమ్మాయ్. చూడాల్సినోణ్ణి నేను. క్వారీ కాడ మీ నాయనకి కూడు తెచ్చి బండకి చెయ్యేసిన రోజు మీ అన్నని ఎంచింది నా కళ్ళతో, తీసేసింది నీ గీతలతో," అన్నారు.

ఆ సాయంత్రం ఊళ్ళోవాళ్ళే రెండు జట్లుగా ఆడారు. మేష్టారు కబురు పంపితే అన్నయ్య కూడా వచ్చాడు. జుట్టులో ఇంకా తెల్లటి రాతి దుమ్ము ఉంది. మేష్టారు నా చేతిలో పుస్తకం పెట్టలేదు. ఒళ్ళో దోసెడు చింతగింజలు పోసి, పక్కన ఒక రేకు డబ్బా పెట్టారు.

"ఇయ్యాల ఆట చూడమాక. కూతకొచ్చినోణ్ణి చూడమాక. మీ అన్న ఒక్కణ్ణే చూడు. ఆడి మూలకి రాబోయి ఎవడన్నా వెనక్కి మళ్ళితే ఒక గింజ ఎయ్యి. ఆడి చెయ్యి పక్కోణ్ణి పడిపోకుండా నిలబెడితే ఒక గింజ ఎయ్యి. పట్టులో నడిమి గీత వైపు దారి మూసింది ఆడైతే ఒక గింజ ఎయ్యి."

అంతకు ముందు నేను మా అన్నయ్యని ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో. ఆ రోజే చూశాను. కూతకొచ్చినవాడు నడిమి గీత దాటకముందే అన్నయ్య ఎడమకాలు అరడుగు కదిలేది. అది చూసి వాడు దిక్కు మార్చుకుని కుడి మూలకి పోయేవాడు. అక్కడ ఎవరో పట్టేవాళ్ళు, జనం ఆ ఎవరో పేరు అరిచేవాళ్ళు. పక్కవాడు దూకి బోర్లా పడబోతుంటే అన్నయ్య మణికట్టు పట్టి ఒక్క లాగు లాగేవాడు. వాడు నిలదొక్కుకుని పట్టు పట్టేవాడు, జనం వాడి పేరు అరిచేవాళ్ళు. అందరూ మీద పడ్డాక, నడిమి గీత మీదికి చాచిన చేతికి అడ్డంగా, అందరి కిందా, దుమ్ములో, మా అన్నయ్య భుజం ఉండేది. అది పీట మీంచి కనపడదనుకున్నదాన్ని నేను. తల వంచితే కనపడింది.

సగం ఆట కాకుండానే ఒళ్ళో గింజలు అయిపోయాయి. ఇంకా కావాలని మేష్టారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. డబ్బాలో గింజలన్నీ మళ్ళీ ఒళ్ళో పోసుకుని వేద్దామనుకున్నాను గాని, కళ్ళు మసకబారి ఏమీ కనపడలేదు.

ఆట అయ్యాక అన్నయ్య చేతిపంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. పంపు నేను కొట్టాను. చెప్పాలనే వెళ్ళాను. ఏడుపే వచ్చింది.

"ఏందే ఏడుస్తున్నావు? నువ్వు చూసిందే రాశావు గదా. నా గడిలో గీతలు లేకపోతే నువ్వేం చేస్తావు," అన్నాడు.

నువ్వు చూసిందే రాశావు గదా అన్నాడు. చూసి రాయలేదురా అన్నయ్యా అనడానికి ఆ క్షణంలో నాకు నోరు రాలేదు. తరవాత చెబుదామనుకున్నాను. అబద్ధం ఒక్కటీ రాయకుండానే అంత అన్యాయం చేయొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

క్వారీలో అతను పాతికేళ్ళు చేశాడు. మధ్యలో పెళ్ళి చేసుకున్నాడు, నన్ను చదివించాడు, నా పెళ్ళిలో పందిరి గుంజలు తనే పాతాడు. ఇంకా యాభై రాకముందే నాన్న దగ్గు అతనికి వచ్చింది. చెడుగుడు కూతంటే ఊపిరి ఆటే కదా. అంత ఊపిరున్న మనిషి, పేట ఆసుపత్రిలో చివరి వారం, నాలుగు మాటలు కలిపి చెప్పలేకపోయాడు. నేను మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు కాదు, మణికట్టు. ఆ పట్టు నాకు తెలుసు. అప్పుడైనా చెప్పాల్సింది. ఇంత బాధలో ఉన్న మనిషికి ఇప్పుడెందుకులే అని ఊరుకున్నాను. నాకు నేను చెప్పుకున్న సాకుల్లో అదే చివరిది.

నేను లెక్కల పంతులమ్మనయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీదా ఒక్క మార్కులే చూసి సంతకం పెట్టలేదు. సంతకానికి ముందు ఒక పీరియడంతా వాడొక్కణ్ణే చూసేదాన్ని. తోటి టీచర్లకి అదో వింత, నాకు చాదస్తమని పేరు పెట్టారు. పక్కవాడికి లెక్క అర్థమయ్యేదాకా తన జవాబు రాయకుండా కూర్చునే పిల్ల ఒకతి ప్రతి తరగతిలోనూ ఉండేది. మార్కుల కాగితంలో ఆ పిల్ల ఎక్కడా కనపడదు.

మేష్టారు పోయేముందు ఆ పొడుగు పుస్తకం నాకే ఇచ్చి వెళ్ళారు. పోయిన వేసవిలో నా మనవరాలు దాన్ని ట్రంకు పెట్టెలోంచి బయటికి తీసింది. పేటలో కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. పాత జట్టొకటి మనుషుల్ని ఎట్లా ఎంచిందో, ఎంచినవాళ్ళు ఎట్లా ఎదిగారో అంకెల్లోంచి తేల్చడం తన ప్రాజెక్టట. పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసి, వారం రోజులు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. పట్టు గీతలు నమ్మవద్దని, అవి జనం అరుపులని మొదటిరోజే చెప్పాను. పెద్దయ్యాక నేను ఆ మాట బయటికి అనడం అదే మొదలు. ఆ పిల్ల నవ్వి, అయితే గీతలు పక్కన పెట్టేసి, ఏ రోజు ఎవరు దిగారు, ఆ రోజు ఎదుటివాళ్ళకి ఎన్ని వచ్చాయి, ఆ రెండే చూస్తానంది. పేజీ పైనా అడుగునా నా చేత్తో నేనే రాసిన ఆ రెండు వరసల్నీ కలిపి చూడాలని ఇన్నేళ్ళ లెక్కల పంతులమ్మకి తట్టలేదు.

ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి కింద కూర్చుంది.

"అమ్మమ్మా, ఇదేదో విచిత్రంగా ఉంది. గీతలు ఎక్కువున్నవాళ్ళు ఆడినా ఆడకపోయినా పెద్ద తేడా లేదు. ఒక్క మనిషి ఆడినప్పుడు మాత్రం ఎదుటి జట్టుకి పాయింట్లు బాగా పడిపోతున్నాయి. ఆయన లేని రోజు ఒక్కసారిగా పెరుగుతున్నాయి. ప్రతిసారీ అంతే. మీ మేష్టారు ఎంచినవాళ్ళందరిలోకీ ఈయనే గొప్పవాడు," అంది. తెర నా వైపు తిప్పి, వేలితో చూపించింది. "గడిలో మాత్రం దాదాపు ఏమీ లేదు. ఈ ఏడో గడి ఆయన ఎవరు?"

ముందు గదిలో గోడ మీద ఫోటోగా తప్ప ఆ పిల్ల మా అన్నయ్యని ఎరగదు. నేను చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపాను. మా అన్నయ్య పేరు చెప్పాను. ఆ పిల్ల వింది, రాసుకుంది కూడా. అయినా నాకు చాలలేదు. లేచి నిలబడి, వంటింటి గడప పట్టుకుని, వీధి మలుపు దాకా వినపడేటట్టు ఆ పేరు మళ్ళీ అరిచాను.