టీ గ్లాసులో తీగ

మా సైన్సు సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను రాయదుర్గంలో జీన్స్ గుడ్డ కత్తిరిస్తున్నాను. కుట్టుమిషన్ల రొదలో వినబడక మళ్లీ అడిగాను. సారు కొడుకు అరిచి చెప్పాడు: "కణేకల్ రోడ్డులో నడుస్తా నడుస్తా పడిపోయినాడన్నా. ఎండదెబ్బ." ఆ 'నడుస్తా' అన్న మాట అప్పటినుంచి నన్ను ఒక్కచోట కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఆయన్ని నడిపించింది నేనే.

సారు జేబులో ఎప్పుడూ ఒక తీగముక్క ఉండేది. పళ్ల డాక్టరు దగ్గర అడిగి తెచ్చుకునేవారు. నికెల్, టైటానియం కలిసిన తీగ. మా చేత దాన్ని మెలికలు తిప్పించి, తన టీ గ్లాసులో వేయించేవారు. వేడి తగలగానే అది తిన్నగా సాగేది. మేం నోళ్లు తెరిస్తే, "నా మాట నమ్మొద్దురప్పా, మీరే జేసి చూడండి," అనేవారు. ఆ టీనే తాగేసేవారు కూడా! పది తప్పి కత్తెర పట్టిన నన్ను, ఎక్కడ కనిపించినా "ఏమప్పా సైంటిస్టూ" అనే పిలిచేవారు. ఎగతాళేమోనని చాన్నాళ్లు తప్పించుకు తిరిగాను.

నాలుగేళ్ల కిందట ఆయన తొడలో రక్తనాళం పూడుకుపోయింది. బొటనవేలు నల్లబడింది. స్టెంటు వేయకపోతే కాలు తీసేయాలన్నారు. అదీ ఆ లోహంతో అల్లిన జాలీయే. సన్నగా ముడిచి లోపలికి పంపితే, ఒంటివేడికి తన ఆకారానికి విచ్చుకుని దారి తెరుస్తుంది. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పిన మనిషి దానికి భయపడ్డారు. "గ్లాసులో ఏసేది వేరే, తొడలో ఏసేది వేరే పో," అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నా మాటైతే వింటారని ఆయన భార్య నాకు కబురు పెట్టింది. నేను పోయి, తీగను వంచి ఆయన టీలో వేశాను.

"నా మాట నమ్మొద్దు సార్. మీరే చూడండి."

ఆయన తీగను చూశారు, నన్ను చూశారు. "నా పాఠం నాకే చెప్తాండావే!" అని నవ్వి లేచారు.

కాలు నిలిచింది. ఆ కాలితో ఆయన తిరగని ఊరు లేదు. పోయిన రోజు కూడా ఒంటిపూట బడిలో పిల్లలకు తీగ చూపించి, మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తూ పడిపోయారు.

మూడోనాడు బూడిదలో ఎముకలు ఏరుతుంటే ఆ జాలీ దొరికింది. నల్లగా, వేలెడు పొడవు. "ఇది ఎముక కాదే, ఏం జేద్దామన్నా?" అన్నాడు కొడుకు. నాకిమ్మన్నాను.

ఆ సాయంత్రం అమ్మ ముందు కూర్చుని, "నేను ఒప్పించకుంటే సారు ఇంటిపట్టునే ఉండేటోడు కదమ్మా," అన్నాను.

"కాలు పోయింటే ఆయప్ప నెల గూడా బతికేటోడు కాదు. నీకేం తెల్సు? ఊరికే కుమలాకు," అంది.

నమ్మాలనే ఉంది. నమ్మలేకపోతున్నాను.

జాలీ ఇప్పుడు నా కత్తిరింపు బల్ల మీద ఉంది. చితిమంటలో కాలాక, నొక్కితే మళ్లీ విచ్చుకుంటుందో, నలిగిపోతుందో నాకు తెలియదు. సారైతే చేసి చూడమనేవారు. రోజూ టీ వచ్చినప్పుడు దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుంటాను. నొక్కను. పక్కన గ్లాసులో టీ చల్లారిపోతూ ఉంటుంది.