పైకి చదవని కొలత

ఆ వీధిలోని దర్జీ ఎవరి నడుం కొలతా పైకి చదవడు. మెడలో వేలాడే టేపు తీసి, మనిషి చుట్టూ తిప్పి, అంకె చూసుకుని, చెవి మీది పెన్సిలుతో చిన్న పుస్తకంలో రాసి మూసేస్తాడు. "ఎంతొచ్చింది?" అని అడిగితే, "బాగానే కుదురుతుందిలెండి" అంటాడు. లావుపాటివాళ్లంతా అతని దగ్గరికే ఎందుకు వస్తారో వేరే చెప్పాలా.

దర్జీ కూతురికి కాలేజీలో సీటొచ్చింది. ఫీజుకు సర్కారు సాయం కోసం ఇంట్లో దరఖాస్తు నింపుతూ ఆ పిల్ల ఆదాయం గడి దగ్గర ఆగితే, "అది నేను రాస్తాలే" అన్నాడు. రాయలేదు. మర్నాడు ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. కిటికీలోంచి గుమాస్తా, "ఆదాయం ఖాళీగా వదిలేశారు, ఎంత?" అన్నాడు. వెనక వరుసలో అతని దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లే నలుగురున్నారు. దర్జీ జేబులోని చిన్న పుస్తకంలోంచి ఒక చీటీ చింపి, అంకె రాసి, మడిచి లోపలికి జరిపాడు. గుమాస్తా విప్పి పైకి చదివాడు. నమ్మకం కుదరక ఇంకాస్త గట్టిగా మళ్లీ చదివి, "ఇది నెలకా, ఏడాదికా?" అన్నాడు.

"ఏడాదికేనండి," అన్నాడు దర్జీ. అతని చెయ్యి మెడ దగ్గర లేని టేపు కోసం తడుముకుంది. కూతురు గోడ వైపు తిరిగి, అక్కడున్న పాత నోటీసు చదువుతూ నిలబడింది. కాగితం మీద ముద్ర పడింది. ఇద్దరూ మెట్లు దిగి వీధి మలుపు దాకా నడిచారు. అక్కడ, అతను ఏమీ అడక్కుండానే, "నాకేం వినపళ్లేదు నాన్నా" అంది కూతురు.