తవ్వని రెండో గుంత

డెబ్బై ఏళ్లకు పైగా ఒక్క మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు, ‘అవ్’, అవును అన్న మాట. దాన్ని మోస్తూనే పిల్లల్ని పెంచాను, పూటపూటా జొన్నరొట్టె అరిగించుకున్నాను, కంటినిండా నిద్రపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది అదే. కుమిలిపోయానంటే మీరు జాలిపడేవారు. కుమిలిపోలేదు, సుఖంగానే ఉన్నాను.

అవి రజాకార్ల రోజులు. మా ఇబ్రహీంపట్నంలో సర్కారుకు కట్టాల్సిన లెవీ గింజల కోసం జవాన్లు ఇల్లిల్లూ ఊడ్చేవారు. కడుపుకు నాలుగు గింజలు మిగుల్చుకోవడానికి చేన్లో గుంత తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మట్టి కప్పేవాళ్లం. పాతర అంటాం దాన్ని. ఊరి పాతర ఎక్కడుందో ముగ్గురికి మించి తెలియకూడదని, సర్కారుకు ఎదురు నిలిచిన మా సంఘం కట్టడి. ఆ ముగ్గురం ఎవరంటే, చెరువులో చేపలు పట్టే మల్లయ్య, నా భార్య తమ్ముడు నర్సింహ, నేను. ఒక్క నెలలోనే రెండు పాతరలు జవాన్ల పాలయ్యాయి. ఊరంతా మా ముగ్గురి మొహాలూ వెతకసాగింది.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. గోడల మీది రాతలు చూసి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. లోకంలో తెలివంతా నాదే అనుకునే వయసు. జవాన్లకు చాడీలు చెప్పేదెవరో నేను తేలుస్తానని సంఘంలో అన్నాను. బొంగులూరు బాట పక్క చేన్లో కొత్త పాతర ఉందని మల్లయ్య ఒక్కడికే చెప్పాను. చెరువు కట్ట కింది దిబ్బలో ఉందని నర్సింహ ఒక్కడికే చెప్పాను. రెండూ ఉత్తవే. జవాన్లు ఎక్కడ తవ్వితే, ఆ చోటు తెలిసినవాడే ద్రోహి.

మూడో రోజు బొంగులూరు బాట చేన్లో తవ్వారు.

ఊరికి తెలిసింది ఇంతవరకే. తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను. మల్లయ్య నమ్మాలని ఆ చేన్లో నిజంగానే గుంత తవ్వి పూడ్చి, అతనికి చూపించాను. దిబ్బ దగ్గర పార కూడా ఆనించలేదు. బద్ధకమా? కాదు. నర్సింహ దొంగగా తేలితే ఇంట్లో నా భార్య మొహం ఎలా చూడాలి? దొంగ మల్లయ్యే కావాలని, గుంత తవ్వకముందే నా మనసు తీర్పు చెప్పేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. జవాన్లు వచ్చినప్పుడు నేను పక్క చేన్లో దాక్కుని చూశాను. వాళ్లు తిన్నగా గుంత దగ్గరికి రాలేదు. గట్టు దగ్గర మొదలుపెట్టి, అడుగడుగునా ఇనుప చువ్వ గుచ్చుకుంటూ వచ్చారు. మెత్తటి మట్టిలో చువ్వ సర్రున దిగింది. అప్పుడు తవ్వారు. ఎవరైనా చెప్పి ఉంటే చేనంతా ఎందుకు గుచ్చుతారు? ముందటి రెండూ అలాగే దొరికి ఉంటాయి. చాడీలు చెప్పినవాడు అసలు లేనే లేడు. ఆ సంగతి నాకు అక్కడే, అప్పుడే తెలిసింది.

సంఘం కూర్చుంది. మల్లయ్యకు చెరువులో వాటా లేదన్నారు. అతని పక్కన ఎవరూ వల వేయొద్దన్నారు. మల్లయ్య ఎవర్నీ తిట్టలేదు. నా వైపు తిరిగాడు.

“తమ్మీ, నాకైతె గుంత తవ్వి పరీక్ష పెట్టినవ్. మరి నీ బామ్మర్దికి తవ్వినవా?”

“అవ్,” అన్నాను.

“గట్లయితె నేనే దొంగను తియ్. అక్షరాలొచ్చినోనివి, నీకంటె నాకెక్కువ ఎరుకనా?”

భార్యను వెంటబెట్టుకుని రావిర్యాలకు కూలికి పోయాడు. పోలీసు చర్య వచ్చింది, రజాకార్లు పోయారు, సంఘం వాళ్లు చెదిరిపోయారు. ఆ తీర్పును మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. మల్లయ్య అక్కడే కాలం చేశాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో అతని మనుమలను చూపించి ‘చాడీల మల్లయ్య ఇంటోళ్లు’ అనేవాళ్లున్నారు.

చాలా ఏళ్ల తరువాత పాత కాగితాల దుకాణంలో అట్ట ఊడిన మనస్తత్వశాస్త్రం పుస్తకం దొరికింది. ప్రయోగంలో ఒక్కదాన్నే మార్చాలట, తక్కినవన్నీ రెండు వైపులా ఒకేలా ఉంచాలట. మనం మార్చేది స్వతంత్ర చరం, దాన్నిబట్టి మారేది పరతంత్ర చరం. నేను మనిషినీ మార్చాను, మట్టినీ మార్చాను. తవ్వించింది మట్టి, శిక్ష పడింది మనిషికి. ఒళ్లు మండిపోయింది నాకు. ఇంత చిన్న ముక్క మాలాంటి వాళ్లకు ఎవరూ ఎందుకు చెప్పలేదని ఆ పుస్తకాన్ని విసిరికొట్టాను. తరువాత నేనే పోయి తెచ్చుకున్నాను. చెప్పకపోవడమేమిటి? వల విసిరే మనిషి ఏ పుస్తకమూ లేకుండా నలుగురిలో నా మొహం మీదే అడిగాడు కదా.

ఆ పుస్తకం దీన్ని లోపం అంటుంది. లోపమంటే తెలియక జరిగేది. తెలిసీ దాచిన దానికి ఏం పేరు పెట్టాలో అందులో ఎంత వెతికినా దొరకలేదు.

బొంగులూరు బాట చేను ఇప్పుడు ప్లాట్లయింది. నర్సింహ లేడు, నా భార్యా లేదు, ఇక ఎవరి మొహానికీ భయపడనక్కర్లేదు. మల్లయ్య మనుమడు ఆదిభట్లలో కంపెనీ బస్సు దిగే చోట ఈ కాగితం అతని చేతికే ఇస్తాను. నన్ను ఏమన్నా అననీ. ఇది రాసినందుకు ఈ పూట రొట్టె మరికాస్త రుచిగా ఉందేమో. ఉంటే, అదీ ఒప్పుకుంటున్నాను.

ఆనాడు సంఘంలో నువ్వు అడిగినదానికి జవాబు ఇది.

లేదు మల్లన్నా. తవ్వలేదు.