గోడలో బాతుల దారి

నర్సు కోమలమ్మకు మొండితనం ఉద్యోగంలో అబ్బింది. రిటైరైన రోజు బీరువా తాళాలతో సహా అన్నీ అప్పజెప్పింది గానీ దాన్ని మాత్రం అప్పజెప్పలేదు. ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్లు పురుళ్లు పోసిన మనిషి. గది బయట ఎంత పెద్దమనిషి నిలబడి అరిచినా, "నొప్పులు పడేది నువ్వా? అవతలికి పో అబ్బా" అని తలుపేసేది. పనయ్యాకే బయటికొచ్చి "తల్లీబిడ్డా క్షేమం" అనేది.

తర్వాత తిరుపతి శివార్లలో, చంద్రగిరి రోడ్డు వైపు కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంది. కాలనీ అంటే ఏముంది, చెరువులో సగం పూడ్చి గీసిన ప్లాట్లే. తొంభై ఎనిమిదిలో కార్తీకం వానలకు మిగిలిన సగంలోకి నీళ్లొచ్చాయి. ఆ వెంటనే ఒక అడవిబాతు ఆమె పెరట్లో నిమ్మగడ్డి దుబ్బు కింద చేరి, రోజుకొకటి చొప్పున తొమ్మిది గుడ్లు పెట్టింది. అది పొదగడానికి కూచున్న రోజున కోమలమ్మ క్యాలెండరులో ఇరవై ఎనిమిది రోజులు లెక్కపెట్టి సున్న చుట్టింది. ఎంతమంది గర్భిణులకు తేదీ చెప్పిన చేయి!

సరిగ్గా అప్పుడే కాలనీ సంఘం అధ్యక్షుడు కుప్పుస్వామి చెరువు వైపు గోడ లేపడం మొదలుపెట్టాడు. కోమలమ్మ వెళ్లి అడిగింది.

"అన్నా, మా పెరటి ఎనక ఒక మూర సందు వదులు. పిల్లలు పుట్టినంక తల్లి వాటిని నీళ్లకాడికి నడిపించుకోని పోవాల. అవి ఎగరలేవు గదా."

"బాతులకు గేటు పెట్టమంటావా నర్సమ్మా?"

పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు.

"పెట్టు. వాటి చెరువులో మనం ఇండ్లు పెట్టుకోలేదా?"

నవ్వు ఆగింది గానీ గోడ ఆగలేదు. ఇరవై ఏడో రోజుకు చివరి వరస కూడా పడింది.

మర్నాడు పిల్లలు బయటపడ్డాయి. ఆ మర్నాడు పొద్దున్నే తల్లి వాటిని వెంటేసుకుని బయలుదేరింది. గోడ అడ్డమొచ్చింది. ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. ఎగిరి గోడమీద వాలింది, కింద పిల్లలు అరిచేసరికి మళ్లీ దిగింది. చూస్తున్న కోమలమ్మ వెళ్లి గడ్డపార తెచ్చింది.

చప్పుడుకు బాతులు దుబ్బులో దూరాయి. కుప్పుస్వామి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం జేస్తా ఉండావమ్మా? అది సంఘం గోడ!"

"కేసు పెట్టుకో పో. ముందు అవతలికి పో అబ్బా, ఈడ అరవొద్దు."

ఆ గొంతుకు కుప్పుస్వామి తనకు తెలియకుండానే నాలుగడుగులు వెనక్కి వేశాడు. కింది వరసలో ఇటుకలు ఊడిపడ్డాయి. కోమలమ్మ గుమిగూడిన అందరినీ రోడ్డు దాకా తరిమి, తనూ పెరటి గుమ్మంలో నిలబడింది. అరగంట గడిచింది. తల్లి మెల్లగా బయటికొచ్చి, ఆ సందు చూసి, దూరింది. వెనకే పిల్లలు. ఆఖరిది ఇటుక ముక్క మీద జారి బోర్లాపడి, లేచి, వాళ్లమ్మ వెంట పరిగెత్తింది.

కోమలమ్మ చెమట తుడుచుకుని రోడ్డు మీదున్న కుప్పుస్వామి దగ్గరికొచ్చింది.

"తల్లీబిడ్డలు క్షేమం."

సాయంత్రం మేస్త్రీ సిమెంటు తట్టతో వచ్చాడు. సందు పక్కనే కుర్చీ వేసుకుని, గడ్డపార ఒళ్లో పెట్టుకుని ఆమె కూచునుంది.

"వచ్చే ఏడు గూడా వస్తాది నాయనా అది. నువ్వు కట్టు. కట్టినన్నిసార్లూ నేను కొడతాను."

మేస్త్రీ తట్ట దించకుండానే వెనక్కి తిరిగాడు.