వకీలు గారి గ్యాస్ విందు, లచ్చవ్వ బొగ్గులు

మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మాధవరావు గారు తమ తండ్రి వకీలు గారి జ్ఞాపక సంచికలో రాసిన వ్యాసంలో ఒక తప్పుంది, దిద్దమన్నాను, అంతే. మూడో ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం కూడా తిరిగి వచ్చింది, కాబట్టి చేరలేదనడానికి వీల్లేదు. ఈ పొద్దున బాల్కనీలో కుంపటి రాజేసి వంకాయ కాలుస్తుంటే, తొక్క చిట్లి రసం చుక్క నిప్పుల మీద పడి చుయ్యిమంది. ఆ పొగ ముక్కుకు తగలగానే, ఇక ఉత్తరాలు చాలు, నలుగురూ చదివేలా రాయాల్సిందే అనిపించింది.

తప్పు లచ్చవ్వకు సంబంధించినది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. అరవైల్లో నేను కరీంనగర్‌లో బడిపంతులుగా చేరినప్పుడు ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. భర్త నేతపని చేసేవాడు, పోయాడు. ఆమె మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికేది. ఐదడుగులు కూడా లేని మనిషి, నవ్వితే మాత్రం రెండిళ్ళ అవతలికి వినబడేది. పెరట్లో ఒక ఇనుప కుంపటి, దాని మీద తీగలతో అల్లిన జాలి. ఆమె వంటిల్లంటే సగం అదే.

మొదటి ఆదివారం నేనే వండుకుంటానని ఆ కుంపటి అడిగి తీసుకున్నాను. బొగ్గుల మీద కిరసనాయిలు పోసి, మంట లేవగానే వంకాయ పెట్టాను. పైన మసి, లోపల పచ్చి, అంతా కిరసనాయిలు కంపు. లచ్చవ్వ చిటికెడు నోట్లో వేసుకుని, “సారూ, గిది వంకాయనా, కందీలు బుడ్డా?” అంది. వాకిట్లో కండెల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు విన్నారు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు ఆమే పీట తెచ్చి వేసింది.

“అలిగినవా? అలుగు బిడ్డా, ఎవలు వద్దన్నరు? గని జర ఇటొచ్చి నేర్సుకో. నేర్సుకున్నంక మల్ల అలుగు.”

అలా నేర్పింది. నల్లటి బొగ్గు మీద ఏదీ పెట్టకూడదు. బొగ్గు ఎర్రబడి, దాని మీద తెల్లగా నివురు కమ్మేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అరచెయ్యి జాలికి జానెడు పైన పట్టి ఐదు లెక్కపెట్టాలి. అంతసేపు చెయ్యి ఆగకపోతే ఇంకా వేడి ఎక్కువున్నట్టు. “మంట మీద కాదు సారూ, మంట పోయినంకనే వంట,” అనేది.

కొన్నాళ్ళకు గోడవతలి వకీలు గారింటికి హైదరాబాదు నుంచి గ్యాస్ పొయ్యి దిగింది. మా వీధిలో అదే మొదటిది. సిలిండరుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పాత కట్టెల పొయ్యిని ఆ రోజే తవ్వి పారేశారు. వీధి వీధంతా చూడ్డానికి వెళ్ళింది, లచ్చవ్వ కూడా. ఎలా ఉందని అడిగాను.

“మంచిగున్నది. పుల్ల గీస్తే అంటుకుంటది, తిప్పితే బందైతది. కండ్లు మండయి. గని వంకాయ కాలిస్తే వాసనెక్కడికెల్లి వస్తది?”

వకీలు గారు మాత్రం నలుగురి ముందు నన్ను నిలబెట్టి, “ఏం పంతులూ, ఇంక బొగ్గులేనా? మీ ముసలమ్మకు చెప్పు, జమానా మారింది,” అన్నారు. నలుగురూ నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను.

మూడు వారాల తర్వాత ఆయన మున్సిఫ్ గారిని, కోర్టువాళ్ళను గ్యాస్ వంట తినడానికి పిలిచారు. ఆ పొద్దున గోడ మీద వకీలు గారి భార్య తల కనిపించింది. కళ్ళ నిండా నీళ్ళు.

“లచ్చవ్వా, గ్యాస్ అయిపోయింది.”

“మొన్ననే గద తెచ్చిండ్రు, దొర్సానీ?”

“వచ్చినోళ్ళందరికి ముట్టించి చూపెట్టినం. అందరికి దాని మీదనే చాయ పెట్టినం. దొర తానానికి నీళ్ళు గూడ దాని మీదనే కాగవెట్టిచ్చిండు. ఇంట్ల పొయ్యి సుత లేదు. పన్నెండుకు మున్సిఫ్ సాబ్ వస్తుండు.”

లచ్చవ్వ నవ్వు ఆ రోజు నాలుగిళ్ళు దాటింది. నవ్వుతూనే కొంగు బిగించింది. గోడ మీదుగా చేపల పళ్ళెం, వంకాయల గంప వచ్చాయి. పక్కింటి కుంపటి కూడా తెచ్చాం. తొందరలో నేను విసనకర్రతో గట్టిగా విసురుతుంటే ఆమె నా చేతి మీద ఒక్కటి వేసింది.

“పరేషాన్ దొరోళ్ళకు, బొగ్గుకు కాదు. ఆగు!”

సమయానికి అన్నీ గోడ దాటాయి. నాకూ పిలుపు వచ్చింది. వెళ్ళేముందు ఆమె, “ఆడ నోరు ఇప్పకు సారూ. దొర్సాని మొకం చూసినవు గద, నలుగుట్ల పరువు పోతది,” అని మాట తీసుకుంది.

నన్ను గుమ్మం దగ్గర ఆఖరి విస్తరి ముందు కూర్చోబెట్టారు. చేపలు నాదాకా రాలేదు. మున్సిఫ్ గారు వంకాయ పచ్చడి కలుపుకుని, “వకీల్ సాబ్, గిసొంటి వంకాయ మా అమ్మ పోయినంక మల్ల తినలే. గ్యాస్ మీద గూడ గీ పొగ వాసన వస్తదా?” అని అడిగారు.

“వస్తది సాబ్,” అన్నారు వకీలు గారు. “కొత్త మిషను గద!”

సగం లేచాను. ఇచ్చిన మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెబితే లచ్చవ్వ ‘కొత్త మిషను’ దగ్గర కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, “వంకాయ తిని మున్సిఫ్ ఏమన్నడు?” అని అడిగింది. చెప్పాను. “మల్ల చెప్పు,” అంది. మళ్ళీ చెప్పాను. జాలి తోముతూ తల ఎత్తకుండా, “అమ్మ పోయినంక తినలే అన్నడా? గట్లనే అన్నడా?” అని మూడోసారి అడిగింది. గట్లనే అన్నాడన్నాను. ఆ సాయంత్రం కండెలు చుడుతూ ఏదో పాట కూడా పాడింది. ఆ మాట ఆమెకు చెప్పడానికి ఆ ఇంటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

మా ఇంట్లోనూ గ్యాస్ ఉంది. చాయ, అన్నం దాని మీదే. దానితో నాకు తగాదా లేదు. కానీ ఆదివారం నివురు కమ్మేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాను. నా జీవితంలో ఓపిగ్గా చేసే పని అదొక్కటేనని మా ఆవిడ అంటుంది, నిజమే.

వకీలు గారు లేరు, వారి భార్య లేరు, లచ్చవ్వ అంతకుముందే పోయింది. దాచాల్సిన పరువు ఇక ఎవరిదీ లేదు. ఇప్పుడు మాధవరావు గారు ఆ విందు గురించి రెండు పేజీలు రాశారు. మున్సిఫ్ గారి మాట అక్షరం పొల్లు పోకుండా ఉంది, గ్యాస్ పొయ్యి ఉంది, లచ్చవ్వ లేదు.

మాధవరావు గారూ, అప్పుడు మీరు కాలేజీలో చదువుతున్నారు. గోడ మీదుగా చేపల పళ్ళెం అందించింది మీరే, కాలిన వంకాయలు అందుకున్నదీ మీరే. వేళ్ళు చురుక్కుమంటే “అవ్వా, సల్లగ!” అని అరిచారు కూడా. నాకు చేప దక్కని సంగతి ఇక్కడ ఎత్తను, దానికి వేరే ఉత్తరం రాస్తాను. ఆ రోజు వంట చేసిందెవరు? పేరు రాసి పంపండి.