మెరుపు స్తంభం మీద బంగారు అక్షరాలు

మా తీషి పేటలో గువాన్ షుచిన్ పేరెత్తితే ముందు ఆవిడ కోపం గురించే చెబుతారు. చెప్పనీ. ముక్కు మీద కోపం, నాలుక మీద కారం, రెండూ నిజమే. ఆ కుంపటి రాజేసింది ఎవరో అడగండి, ఒక్కడూ నోరు విప్పడు.

పదిహేడో ఏట తండ్రి రిటైరైతే, ఆయన స్థానంలో ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారంలో చేరింది. వైండింగ్ షెడ్డులో వేశారు. అక్కడ పని నేర్పింది యూ షిఫు. షిఫు అంటే మాకు గురువూ మేస్త్రీ కూడా. తీగ మీద తీగ ఎక్కితే చాలు, ఆ షిఫు చెక్కబద్దతో వేళ్ల మీద ఒక్కటిచ్చేది. మూడేళ్లు తిరిగేసరికి షుచిన్ కళ్లు మూసుకుని కాయిల్ మీద అరచేయి జరిపి, ఏ చుట్టు వదులుగా ఉందో చెప్పేది.

తొంభై ఎనిమిదిలో ఓ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పరీక్షలోనే కాలిపోయింది. లోపలి తేమ పూర్తిగా ఆరకముందే నూనె పోయించారు పైవాళ్లు, లెక్క చూపించుకోవాలనే తొందరలో. షెడ్డులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కాగితం మీద మాత్రం "వైండింగ్‌లో నిర్లక్ష్యం" అని రాసి షుచిన్ ముందు పెట్టారు. సంతకం చేయకపోతే షెడ్డులోని పద్దెనిమిది మంది ఆడవాళ్ల ఉద్యోగాలూ ఊడతాయన్నారు. చేసింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ పద్దెనిమిది మందినీ ఇంటికి పంపేశారు. అప్పటినుంచి ఫ్లైఓవర్ కింద ఓ చెక్క దుకాణంలో కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుడుతూ బతికింది.

పద్దెనిమిదేళ్ల తర్వాత, ఓ ఫిబ్రవరి పొద్దున, ఇంజనీరు డూ వెన్బో ఆ దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెత్తనివాడు. ఊరి బయట కొత్తగా కట్టిన సైన్సు పార్కులో పెద్ద టెస్లా కాయిల్ నిలబెడుతున్నారట. రెండంతస్తుల ఎత్తు స్తంభం, దాని నెత్తిన అల్యూమినియం కంకణం, అందులోంచి పది మీటర్ల మెరుపులు రావాలి. అంత పెద్ద కాయిల్ చుట్టే యంత్రం దొరకలేదు, చుట్టే చేయీ దొరకలేదు.

"ఒకే తీగ అక్కా, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో అతుకుండకూడదు," అన్నాడు డూ.

"ఎన్ని చుట్లు?"

"తొమ్మిది వందలు. చుట్టుకీ చుట్టుకీ మధ్య సన్నటి సందు ఉండాలి."

"ఒకటి జారి పక్కదాన్ని తాకితే?"

"అక్కడే మంట."

"నాకు తెలుసులే. నీకు తెలుసో లేదోనని అడిగా," అంది షుచిన్, చేతిలో మోటారు పక్కన పెడుతూ.

అర టన్ను రాగి అది. అయిదు మీటర్ల ఫైబర్ గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ఇద్దరు మనుషులు మెల్లగా తిప్పుతుంటే, తీగను ఒకే బిగువుతో వదలాలి. బిగువు ఎక్కువైతే గొట్టం నొక్కుకుపోతుంది, తక్కువైతే చుట్టు జారుతుంది. పని మొదలయ్యే వేళకు మార్చి నెలాఖరు అయింది. మా ఊళ్లో ఆ నెలాఖరుతో, గదులు వెచ్చబెట్టే గొట్టాల్లో వేడినీళ్లు ఆపేస్తారు. బయట మంచున్నా సరే, ఆపేస్తారు. పార్కులో పనిచేసే షెడ్డు చల్లబడింది. పార్కు డైరెక్టర్ లూ గ్వోచాయ్ "దుప్పటికోటు వేసుకుని చుట్టండి" అని కబురు పంపాడు.

"కోటు నాకు వేస్తాడు సరే, రాగికేం వేస్తాడట?" అంది షుచిన్. "చలిలో ముడుచుకున్న తీగను చుడితే ఎండాకాలం సాగి వదులైపోతుంది. షెడ్డు వెచ్చబడేదాకా నేను ముట్టను." రెండు రోజులు స్టూలు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ గడిపింది. మూడో రోజు హీటర్లు వచ్చాయి.

పదకొండు రోజులు చుట్టింది. అరవై ఒకటో ఏట, నిలువుకాళ్ల మీద. తర్వాత పద్నాలుగు పూతల వార్నిష్, రోజుకొకటి చొప్పున. డూ కూడా ఊరికే కూర్చోలేదు. నీళ్ల పైపుకు ఎర్త్ కలిపేస్తే చాలని లూ అంటే, ఒప్పుకోకుండా నేలలోకి పన్నెండు రాగి కడ్డీలు దింపించాడు. జూన్ మొదట్లో తలుపులు మూసి పరీక్ష చేశారు. కంకణం అంచునుంచి మెరుపు చెట్టుకొమ్మలా విచ్చుకుని గోడదాకా పాకింది. చెవులు గింగురుమన్నాయి. షుచిన్ గోడకానుకుని ఏడ్చింది. ఇన్నేళ్లలో తన చేతిపని తప్పు కాదని ఎవరూ చెప్పలేదు. ఆ మెరుపు చెప్పింది. దాని మీద ఇంకెవరి మచ్చా పడనివ్వకూడదని ఆవిడ పంతం.

ప్రారంభోత్సవం ఇంకా మూడు రోజులుందనగా, తుడవడానికి మెత్తటి గుడ్డ పట్టుకుని హాల్లోకి వెళ్లింది. స్తంభం చుట్టూ పరంజా. పరంజా మీద పెయింటరు. ఆవిడ చుట్టిన తీగ మీద, పైనుంచి కిందికి, మనిషి ఛాతీ అంతేసి బంగారు అక్షరాలు దిద్దుతున్నాడు. మూడయ్యాయి, నాలుగోది సగంలో ఉంది. మా లిపిలో అక్షరానికో మాట; ఆకాశపు మెరుపు మన చేతిలో అని ఆ నాలుగింటి అర్థం. రిటైరైన ఓ పెద్ద అధికారి కుంచెతో రాసి పంపిన దస్తూరీ అది. మా దగ్గర పెద్దవాళ్ల చేతిరాత లేకుండా వంతెనా తెరవరు, బడీ తెరవరు.

"దిగు! దిగు కిందికి!" షుచిన్ అరుపుకు పెయింటరు కుంచె జారింది.

"నన్ను తిడతావేంటి పిన్నీ? ఇచ్చిన అచ్చు చూసి దిద్దుతున్నా, అంతే," అన్నాడు వాడు.

లూ వచ్చాడు, వెనకాల డూ. లూ ముఖం మీద ఎప్పుడూ ఉండే నవ్వే ఉంది. "ఎందుకక్కా గొంతు చించుకుంటావ్? పెళ్లికూతురికి ఎర్రముసుగు వేస్తున్నాం అనుకో."

"ముసుగు కాదు, ఉరి. ఆ రంగులో ఉన్నది ఇత్తడి పొడి. చుట్టుకు చుట్టు తగలకూడదని నేను పదకొండు రోజులు చచ్చా. వాటి మీద నిలువునా లోహం పులిమితే మెరుపు పైదాకా ఎందుకెక్కుతుంది? అడ్డదారి దొరికిందని ఇక్కడే దిగబడుతుంది."

"డూ, ఇంజనీరువి నువ్వు కదా, చూడు," అన్నాడు లూ.

డూ మల్టీమీటరు తెచ్చి, ఆరిన అక్షరానికి రెండు మొనలూ ఆనించాడు. ముల్లు కదల్లేదు. "కరెంటు... పారట్లేదు," అన్నాడు నేల చూస్తూ.

"ఆ డబ్బాలో ఉన్నది తొమ్మిది వోల్టుల బ్యాటరీ రా! ఇక్కడ నడిచేవి లక్షలు! చీమ దాటలేదని ఏనుగు కూడా దాటదా?"

డూకి తెలుసు. తెలియకపోతే అంత చెమట పట్టదు. గోడ మీద పిల్లిలా అటో చూపు ఇటో చూపు చూసి, మీటరు సంచిలో పెట్టుకున్నాడు.

"పెద్దాయన స్వయంగా రాసిచ్చారు. గీకేశామని ఆయనకు నువ్వెళ్లి చెప్తావా?" అన్నాడు లూ.

"చెప్తా. కారు పంపించు, ఇప్పుడే చెప్తా."

లూ నవ్వాడు, పెయింటరూ నవ్వాడు. షుచిన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే కాలితే నా జోలికి రానని రాసివ్వు."

"ఇన్నాళ్లు పనిచేశావ్, నా మీద నమ్మకం లేదా అక్కా?"

"లేదు."

రాసివ్వలేదు.

ప్రారంభోత్సవం రోజు డప్పులు మోగాయి, పూలబుట్టలు వరసగా పెట్టారు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని తన అక్షరాలు చూసుకుని మురిసిపోయాడు. మీట నొక్కారు. నెత్తిన కంకణం మీద ఒక్క నిప్పురవ్వైనా రాలేదు. మొదటి అక్షరంలోంచి తెల్లటి మంట లేచి, రెండోదాని మీదికి దూకి, అక్కణ్ణుంచి నాలుగో అక్షరం దాకా పరుగెత్తింది. వార్నిష్ కాలిన కంపు హాలంతా కమ్మింది. పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. "ముసలివాళ్ల చేత చుట్టించాం, చుట్లు వదులుగా వచ్చాయి," అని లూ అతిథులతో అనడం షుచిన్ తన చెవులారా వింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పిలిచారు. బల్ల మీద కాగితం. "వైండింగ్‌లో లోపం వల్ల" అని ఉంది. కింద డూ సంతకం కోసం ఒక గీత, షుచిన్ సంతకం కోసం ఇంకో గీత.

"పద్దెనిమిదేళ్లయింది. మాటైనా మార్చలేదేంట్రా దరిద్రుల్లారా!" అంటూ కాగితం పట్టుకుని, లూ చొక్కా చేయి పట్టి లాక్కుంటూ హాల్లోకి నడిచింది. ఆ వయసు మనిషిని విదిలించుకోలేక లూ వెళ్లాడు. డూ వెంట వచ్చాడు.

స్తంభం మీద బంగారం లేదు. దాని స్థానంలో నాలుగు అక్షరాలూ బొగ్గులా నల్లగా, ఒక్క గీత పొల్లుపోకుండా దిగబడి ఉన్నాయి. గీతల అవతల వార్నిష్ అద్దంలా మెరుస్తోంది. అక్కడ ఒక్క చుట్టూ చెక్కుచెదరలేదు.

"చదువు," అంది.

లూ గుమ్మం వైపు తిరిగాడు.

"చదవవయ్యా! అక్షరజ్ఞానం లేదా? వదులు చుట్టు కాలితే అడ్డంగా కాలుతుంది, పద్యం రాసినట్టు నిలువునా కాలదు. నా దస్తూరీ చూసి మా పంతులమ్మ కోడి గెలికినట్టుందనేది. ఇంత అందంగా నేను కాల్చగలనా? చేతిరాత ఎవరిదో వాళ్లనే పిలిచి సంతకం పెట్టించు."

లూ ముఖంలో రంగు పోయింది. ఆ స్తంభాన్ని ఎవరైనా ఫోటో తీస్తే తప్పెవరిదో పక్కన రాయక్కర్లేదు. గంటలో దాన్ని ఎర్రగుడ్డతో కప్పించాడు. సాయంత్రానికి కొత్త కాగితం టైపు చేయించాడు. "వానాకాలపు తేమ వల్ల" అని. పాము చావలేదు, కర్రా విరగలేదు. డూ గబగబా సంతకం పెట్టి, పెన్ను ఆవిడ వైపు జరిపాడు.

"నీ పేరు పోయిందిగా అక్కా కాగితంలోంచి. ఇంక సంతోషించు," అన్నాడు.

"నా పేరు తీసేసి వాన మీద పెట్టారా? వానకి నోరు లేదనేగా?" షుచిన్ పెన్ను వెనక్కి తోసింది. "నాకూ అప్పుడు లేదు. అందుకే పెట్టారు."

లూ బతిమాలే గొంతులోకి దిగాడు. "జరిగిందేదో జరిగింది. అక్టోబరు జాతీయ పండక్కి ఇంకోటి నిలబెట్టాలి. నీలా చుట్టేవాళ్లు ఈ ఊళ్లో లేరు, ఒప్పుకుంటున్నా. హీటర్లంటావా, ఎన్ని కావాలంటే అన్ని."

చుట్టాలని ఆవిడకెంత ఉందో ఆవిడకే తెలుసు. వేళ్లు అప్పుడే తీగ బిగువు తలుచుకుంటున్నాయి. అలాంటి కాయిల్ ఈ జన్మకు మళ్లీ చేతికి రాదు.

"చుడతా. ఆ కాగితం మీద నిజం రాయండి. ఒక్క వాక్యం. ఇత్తడి రంగు పూయడం వల్ల కాలింది, అంతే. ఎవరి పేరూ వద్దు."

లూ డూ వైపు చూశాడు. డూ పెన్ను మూత పెట్టాడు.

"పెద్దాయన బాధపడతారక్కా," అన్నాడు లూ. "మళ్లీ రాసిస్తానన్నారు కూడా. ఈసారి ఇంకా మంచి రంగు తెప్పిద్దాం."

షుచిన్ సంచి భుజానికి తగిలించుకుంది. మెట్లు దిగి, గేటు దాటి, బస్సు స్టాపు వైపు నడిచింది. డూ రొప్పుకుంటూ వెనకాలే వచ్చాడు. "అక్కా, ఆగక్కా! నువ్వు కాదంటే అదెవరు చుడతారు?"

ఆవిడ కళ్లనిండా నీళ్లు. అవి దుఃఖంతో వచ్చినవి కావు, పట్టలేని కోపంతో వచ్చినవి. బస్సు మెట్టెక్కి, వెనక్కి తిరిగి అంది.

"రాసినాయన్నే చుట్టమను."