గుమ్మిలో పెట్టిన గిటారు

పోయిన ఆదివారం పొద్దున మా అన్న మనవరాలు నిజామాబాద్ బస్సు దిగి, భుజాన నల్ల సంచితో నేరుగా మా ఇంటికి వచ్చింది. సంచి విప్పకముందే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. అన్న బతికినన్నాళ్లూ వాయించిన ఎలక్ట్రిక్ గిటారు అది. ఆయన పోయి మూడేళ్లయింది, అప్పటి నుంచీ అది వాళ్లింట్లో అటక మీదే ఉంది.

"చిన్నతాతా, గీ గిటారు ఇగ పనికిరాదంటుండ్రు దుకాణపోళ్ళు. కొత్తది తీసుకోమంటుండ్రు. నువ్వొకసారి చూడరాదు? నువ్వేం చెప్తే గదే చేస్త," అన్నది. వచ్చే నెల వాళ్ల కాలేజీలో వాయించాలట, తాత గిటారుతోనే వాయించాలని ఆశట.

కిటికీ వెలుగుకు పట్టుకుని, వడ్రంగి బద్ద వంకర చూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాను. మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్లలో మొదటిదాని మీదా చివరిదాని మీదా తీగను నొక్కి పట్టాను. అప్పుడు నడుమ మెట్టుకూ తీగకూ మధ్య పోస్టుకార్డు మందం సందు ఉంటే చాలు. ఇక్కడ రెండు రూపాయి బిళ్లలు దూరేంత ఉంది. దుకాణం వాళ్లు అబద్ధం చెప్పలేదు. అయితే ఆ మెడ ఎందుకు వంగిందో వాళ్లకూ తెలియదు, ఈ పిల్లకూ తెలియదు. పెట్టెలోంచి అది వంగిన ఏటి నా డైరీ తీశాను.

అప్పట్లో నేను బాన్సువాడలో ఒక రైసుమిల్లులో కొత్తగా చేరిన గుమస్తాను. రైతు బస్తా దించగానే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూడడం నా పని. టక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చివి. అన్న ఐదుగురు స్నేహితులతో ఆర్కెస్ట్రా నడిపేవాడు. వర్ని నుంచి జుక్కల్ దాకా పెళ్లిళ్లకు వాళ్లే. గిటారు బాగోగులు మాత్రం నావి. వాయించడం అయిపోయాక తీగలను పొడి నూలుగుడ్డతో తుడవాలి, లేకపోతే చేతి చెమటకే తుప్పు పడుతుంది. కొత్త తీగలు దొరకనప్పుడు పాతవాటినే విప్పి నీళ్లలో మరగబెట్టి, తుడిచి ఎండబెడితే మరో రెండు పెళ్లిళ్లకు వచ్చేవి. గరగర శబ్దం వస్తే ముందు వైరు గుచ్చే చోట టంకం ఊడిందేమో చూడాలి. పందిరి కింద తీగ ముట్టుకోగానే చేయి జివ్వుమంటే మాత్రం అన్న ఇక వాయించేవాడు కాదు, ఎర్త్ సరిచేసేదాకా పెళ్లివాళ్లు ఎంత తొందరపెట్టినా లేచి నిలబడేవాడు. ఇవన్నీ తేదీల వారీగా రాసుకున్నాను.

ఆ ఏడు వరికోతల సమయంలో నాన్నను నిజామాబాద్ దవాఖానలో చేర్పిస్తే, అన్న ఇరవై రోజులు అక్కడే ఉన్నాడు. పోతూ పోతూ గిటారు తడవకుండా చూడమన్నాడు. రెండో రోజు నుంచి కాలం కాని కాలంలో వాన పట్టుకుంది, అన్న గది పెంకుల సందుల్లోంచి కారసాగింది. మా ఇంట్లో విలువైనదేదైనా వడ్లు నిల్వచేసే గుమ్మిలో దాచడం అలవాటు. అమ్మ ఇత్తడి గిన్నెలూ, విత్తనాల మూటలూ, పట్టుచీరా అన్నీ వడ్లలోనే ఉండేవి. నేనూ గిటారును దుప్పట్లో చుట్టి, తీగలైనా వదులు చేయకుండా, గుమ్మిలో వడ్ల నడుమ పాతిపెట్టి నిశ్చింతగా మిల్లుకు వెళ్లాను. ఆ వడ్లు వారం కిందట కోసి, వానకు భయపడి సగం ఎండకుండానే పోసినవి. అందరి వడ్లూ కొరికి చూసే నేను, మా ఇంటి వడ్లలో ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

అన్న వచ్చిన రోజు గుమ్మిలో చేయి పెడితే లోపల జ్వరం వచ్చిన ఒంటిలా కాలింది. పచ్చి వడ్లు మగ్గి ఆవిరి పట్టాయి. దుప్పటి విప్పితే తీగలు ఎర్రబడి ఉన్నాయి, మెడ ముందుకు విల్లులా వంగింది. వర్నిలో పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది. అన్న చాలాసేపు మెడనే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఊరోళ్ళ వడ్లన్ని కొరికి కొరికి చూస్తవు గదరా, మనింటియి కొరకనీకి పండ్లు రాలేదా?" అన్నాడు. నన్ను ఆయన అన్న మాట అదొక్కటే.

గిటారు మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. తల దగ్గర చిన్న మూత కింద ఉన్న నట్టును బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది. తీగలు కాస్త వదులు చేసి, రోజుకు పావు తిప్పు మాత్రమే తిప్పాలనీ, ఒక పగలూ ఒక రాత్రీ చెక్కకు తీరిక ఇవ్వాలనీ అన్న నేర్పాడు. రోజూ పొద్దున నేను తిప్పేవాణ్ణి, ఆయన ఒక కన్ను మూసి చూసేవాడు. డైరీలో వరుసగా ఏడు రోజులు "పావు తిప్పు" అని ఉంది. ఎనిమిదో రోజు నట్టు మొరాయించింది. నేను బలం పెట్టబోతే చేయి పట్టుకుని, "ఇగ ఆపు. కడ్డీ తెగితే ఉన్నది గూడ పోతది," అన్నాడు.

మెడ వచ్చింది, పూర్తిగా రాలేదు. ఐదో మెట్టు దాటితే స్వరం తప్పుతుంది. వర్ని పెళ్లిలో అన్న ఐదో మెట్టు దాటకుండా పాటలన్నీ మార్చి వాయించాడు. అందరూ మెచ్చుకున్నారు. మెడ సంగతి అడిగిన ప్రతివాడికీ వానకు వంగిందనే చెప్పాడు. తర్వాత ఆర్కెస్ట్రా ఆగిపోయింది, ఆయన ఇంట్లోనే వాయించుకున్నాడు, చివరిదాకా ఆ ఐదు మెట్ల మీదే.

ఈ మాట నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. డైరీ ఆ పిల్ల చేతికిచ్చాను. చివరిదాకా చదివి డైరీ మూసింది. "తాత మాకు గూడ వానకే వంగిందని చెప్పిండు," అన్నది.

నట్టు తిప్పే అలెన్ కీ పెట్టి మెల్లగా ప్రయత్నించాను. నట్టు ఆనాడు ఆగిన చోటే ఆగి ఉంది. కాలేజీకి కొత్తదే కొనుక్కోమని చెప్పాను. రంగు చూసి మోసపోవద్దనీ, మెడ పొడవునా చూడమనీ, ప్రతి మెట్టూ నొక్కి వినమనీ, శబ్దం పెంచే గుండీలు తిప్పితే గరగర వస్తే వద్దనమనీ కాగితం మీద రాసిచ్చాను. వెళ్లేముందు పాత గిటారుకు కొత్త తీగలు వేసి కాసేపు వాయించింది. ఆమె వేళ్లు మెడ మీద పైకి పోయి, ఐదో మెట్టు దగ్గర వాటంతట అవే వెనక్కి మళ్లాయి. చిన్నప్పటి నుంచీ తాతను చూసి నేర్చుకున్న చేయి అది. గిటారును నా దగ్గరే ఉంచి బస్సెక్కింది.

ఇప్పుడు మిషన్లు కోసిన వడ్లు పొలం నుంచి లారీల్లో మిల్లుకే పోతున్నాయి, తేమ చూడడానికి యంత్రాలున్నాయి, గింజ కొరికి చూసేవాడు లేడు. మా వీధిలో ఏ ఇంట్లోనూ గుమ్మి లేదు. నేను చేసిన తప్పు ఇక ఎవరూ చేయలేరు. దానికి సంతోషించాలి. కానీ ఆదివారం నుంచి రోజూ పొద్దున గిటారును కిటికీ దగ్గరికి తెచ్చి, ఒక కన్ను మూసి మెడ చూస్తున్నాను. నట్టు జోలికి మాత్రం పోవడం లేదు, అన్న ఆపమన్నాడు కదా.